ఆరువందల రివ్యూలకు నేను పెట్టిన రంగులు

2006 నవంబరు 12, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. స్థలం: భివండీ, శాంతి నగర్, మా అక్క ఇల్లు. హాజరైనవారు: మా అక్క, మా బావ, మేనకోడలు, నేను, ఒక కంప్యూటరు. (కంప్యూటరును హాజరైనవారిలో రాయవచ్చా అని కాసేపు ఆలోచించి, చివరికి రాశానని కూడా డైరీలో ఆ పేజీలోనే ఉంది.)

ఆ రోజుల్లో మనిషి మనసులో ఏముందో యంత్రం కనిపెడుతుందంటే నమ్మేంత అమాయకత్వం నాలో ఉండేది. నేను నేర్పితేనే అది కనిపెట్టగలదంటే నమ్మేంత గర్వమూ ఉండేది. అప్పటికి నాకు నలభై నాలుగేళ్లు. కానీ కంప్యూటరు ముందు కూర్చుంటే పలక పట్టుకున్న పిల్లవాడినే. ఇప్పుడు పదవీ విరమణ చేసి, అలమరలోని డైరీలు వరుసగా తీసి దుమ్ము దులుపుతుంటే, ఆ నలభై నాలుగేళ్ల మనిషి నాకు నిజంగానే కుర్రవాడిలా కనిపిస్తున్నాడు. అందుకే దీన్ని నా కుర్రతనపు ముచ్చట్లలో చేర్చుకుంటున్నాను. లెక్క తప్పయితే మన్నించండి.

నా ఉద్యోగం గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తప్పంతా అక్కడినుంచే వచ్చింది. భివండీ బొంబాయి దగ్గరి నేత ఊరు. అక్కడ కనేరి పేటలో ఒక సేఠ్ దగ్గర నేను గుడ్డ తనిఖీ చేసేవాణ్ణి. సాంచాల (అంటే మరమగ్గాల) మీద నేసిన కోరా గుడ్డ తాకాలుగా (తాకా అంటే ఒక చుట్ట గుడ్డ) మా బల్ల మీదికి వచ్చేది. దాన్ని పరిచి, గజం గజం చూసి, పోగు తెగిన చోట, నూనె మరక పడిన చోట ఎర్ర పెన్సిలుతో గీత పెట్టి, బాగున్న తాకా మీద నీలి పెన్సిలుతో టిక్కు పెట్టి, మంచిది ఇటు, రెండో రకం అటు వేయాలి. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. నా చొక్కా జేబులో ఆ రెండు పెన్సిళ్లు ఎప్పుడూ ఉండేవి. మా అక్క ఇంట్లో భోజనానికి కూర్చుంటే కూడా ఉండేవి. అన్నంలో రాయి వస్తే తమ్ముడు విస్తరి మీద ఎర్ర గీత పెడతాడని ఆమె ఎగతాళి చేసేది. (పెట్టలేదు. ఒక్కసారి మాత్రం జేబు దాకా చెయ్యి వెళ్లింది.)

మేనకోడలికి ఇంట్లో వకీలమ్మ అని పేరు. మాటలు వచ్చిన నాటినుంచి ప్రతిదానికీ వాదన వేసేది. మరాఠీ బడిలో చదివి, ఠాణేలో ఒక కాలేజీలో ఎం.సీ.ఏ. చివరి ఏడాదికి వచ్చింది. చివరి ఏడాది ఒక ప్రాజెక్టు చేయాలి. ఇంటర్నెట్‌లో జనం మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, ఫోన్లు కొని వాటి గురించి రాసే అభిప్రాయాలను కంప్యూటరే చదివి, రాసినవాడు ఖుషీగా ఉన్నాడా లేడా చెప్పాలన్నది ఆమె ప్రాజెక్టు. ఖుషీ అయితే తెర మీద పసుపుపచ్చని నవ్వే ముఖం, కాకపోతే నీలంగా ఏడ్చే ముఖం. ఒకసారి ఆమె గైడు మేడం దాన్ని తిప్పి పంపేసింది. కంప్యూటరుకు నేర్పాలంటే ముందు ఒక మనిషి కొన్ని వందల రివ్యూలు స్వయంగా చదివి, ఒక్కొక్కదానికీ గుర్తు పెట్టి ఇవ్వాలని, ఆ గుర్తులు చూసి ఏ మాటలు ఎటువైపు ఎక్కువగా వస్తున్నాయో యంత్రం నేర్చుకుంటుందని, ఆ పనే సరిగా జరగలేదని మేడం ఫిర్యాదు. నవంబరు పదమూడున మళ్లీ చూపించాలి. ఆ రోజు కూడా తప్పితే ఆరు నెలలు ఆగాలి. ఆమె తోటివాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతుంటే ఆమె మళ్లీ అదే బెంచీ మీద కూర్చోవాలి.

దీపావళి అయిన వారం ఆమె ఒక కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చింది.

"మామా, భివండీల నీ కన్నుకు చిక్కని తప్పు లేదని బాపు అంటడు. ఇవి ఆరువందలున్నయ్. చదివి గుర్తు పెట్టాలె. టైమ్ నహీ హై మామా, నేను ప్రోగ్రామ్ రాసుకోవాలె."

"ఇంగ్లీషుల ఉన్నయ్ కద బిడ్డా."

"నువ్వు సేఠ్‌కు ఇంగ్లీషు చిట్ఠీలు రాస్తలేవా? డిక్షనరీ పెట్టుకో."

"సరే. ఏం చూడాలె? మాల్ మంచిదా కాదా?"

"మాల్ కాదు మామా, మనిషి! గిరాకి ఖుషీగ ఉన్నడా, నారాజ్‌గ ఉన్నడా. ఇంకొకటి విను. మేడం ఏమన్నదంటే, పైకి ఏం రాసిండో అదొక్కటే చూడొద్దు, లోపల ఏమున్నదో పట్టాలె. కొందరు ఎక్కిరిచ్చుకుంట రాస్తరు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పైకి చెప్పేది కాదు, లోపల ఉన్నది! ఇరవై ఏళ్లుగా సేఠ్ బేరాలు చేసే గద్దీలో నేను గమనిస్తున్నది అదే కదా. అప్పటిదాకా దాన్ని ఎవరూ చదువని పిలవలేదు. ఒక కాలేజీ మేడం దాన్ని ప్రాజెక్టుగా అడుగుతోంది. ఆ రాత్రి పడుకునే ముందు కొత్త డైరీ ఒకటి తీసి మొదటి పేజీలో "గిరాకీ మనసు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. (గిరాకీ అంటే మా బజారులో కొనేవాడు.)

పద్దెనిమిది రోజులు ఆ పని చేశాను. ఒక్కొక్క రివ్యూను కత్తిరించి చీటీ చేసి, నంబరు వేసి, రెండుసార్లు చదివి, ఖుషీగా ఉన్నవాడికి నీలం, లేనివాడికి ఎరుపు పెట్టాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ప్రతి చీటీకి ఆ రంగు ఎందుకు పెట్టానో డైరీలో అదే రంగు పెన్సిలుతో ఒక పంక్తి రాసుకున్నాను. ఒక్క 418వ నంబరు మాత్రం తేల్చలేకపోయాను. అందులో "బాగానే ఉంది" అని తప్ప ఏమీ లేదు. దాని పక్కన "ఇంకా తెలియలేదు" అని రాసి, రంగు లేకుండా వదిలేశాను. చీటీలు వకీలమ్మకు అప్పగించాను. ఆమెకు చదివే తీరిక ఎక్కడిది? నీలమైతే ఒకటి, ఎరుపైతే సున్నా అని టకటకా కంప్యూటరులోకి ఎక్కించుకుపోయింది.

ఇక పన్నెండో తేదీ ఆదివారానికి వద్దాం. మర్నాడే మేడం ముందు పరీక్ష కాబట్టి ఇంట్లో ఒకసారి ఆడించి చూద్దామని అందరినీ పిలిచింది. కంప్యూటరు మీద మా అక్క కోరా గుడ్డతో కుట్టిన తొడుగు ఉండేది (నేనే ఎర్ర గీత పెట్టి పక్కన పడేసిన ముక్క; గీత కూడా అలాగే ఉంది). అక్క తొడుగు తీసి, తెరకు దణ్ణం పెట్టి, పక్కన కూర్చుంది. మా బావ కింద షెడ్డులో సాంచాలను పనివాళ్లకు అప్పజెప్పి, చేతులకు అంటిన నూనె తుడుచుకుంటూ పైకి వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి కరెంటు కోత, పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. అంతలోపే ఏదైనా.

"బాపూ, ఏదన్న ఒక కొత్త రివ్యూ చెప్పు. నేను ఇంగ్లీషుల కొడత."

బావ ఆలోచించాడు. "ఈ మిక్సీ శాన ఖరాబున్నది. మోటారు కాలిపోయింది. గిన్నె పగిలింది."

వకీలమ్మ కొట్టింది. యంత్రం ఒక క్షణం ఆలోచించి పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

"మోటారు కాలితె నవ్వుతుందేందే?" అన్నాడు బావ.

"ఒక్కోసారి తప్పు పోతది బాపూ, అన్నీ రావు. అమ్మా, నువ్వు చెప్పు."

"శాన మంచిగున్నది తల్లీ. అసొంటి మిక్సీ నేను ఎన్నడు చూడలే. అద్భుతం," అంది అక్క, మిక్సీకే వినబడుతుందన్నంత మర్యాదగా.

యంత్రం ఏడ్చింది.

తర్వాత ఇరవై కొట్టి చూసింది. కాలినవాటికి, విరిగినవాటికి, ఆలస్యంగా వచ్చినవాటికి పకపకా నవ్వు. అద్భుతాలకు, అమోఘాలకు కన్నీళ్లు. వకీలమ్మ ముఖంలో రంగు పోయింది. ప్రోగ్రాములో ఎక్కడో తారుమారైందని మొదటినుంచి చివరిదాకా వెతకడం మొదలుపెట్టింది. గంట గడిచింది. అక్క ఉప్మా తెచ్చింది, అది చల్లారింది. నేను ఆమె వెనక నిలబడి తొంగి చూస్తూనే ఉన్నాను. అసలు ఆ యంత్రం ఎలా తేలుస్తుందో తెలుసుకోవాలని నాకు ఒకటే తహతహ.

"బిడ్డా, అది ఏం చూసి నవ్వుతది? ఏం చూసి ఏడుస్తది? దాని దగ్గర కూడ ఏదన్న డైరీ ఉంటదా?"

"డైరీ..." అని ఆమె ఆగింది. "ఉంటది మామా. నవ్వుకు ఏ మాటలు, ఏడుపుకు ఏ మాటలు అని నేర్చుకున్న లిస్టు ఉంటది. ఆగు, తీస్త."

తీసింది. నవ్వుకు వరుసగా: వదులు, వేడి, చప్పుడు, పొట్టి తీగ, ఆలస్యం, పగిలింది. ఏడుపుకు: అద్భుతం, అమోఘం, సూపర్, బెస్ట్, వహ్వా. నాకు ఆ జాబితా ఎంతో సక్రమంగా కనిపించింది. "చూసినవా, ఎంత మంచిగ నేర్చుకున్నదో!" అన్నాను.

 కింద సాంచాలు టకటకమంటూనే ఉన్నాయి. వకీలమ్మ కుర్చీలో మెల్లగా నా వైపు తిరిగింది.

"మామా. చీటీలెక్కడున్నయ్?"

చీటీల సంచి ఆమె దగ్గరే, మంచం కింద ఉంది. ఒకటి తీసి చదివింది. "'నేను ఇంతవరకు కొన్నవాటిలో ఇదే గొప్ప మిక్సీ, అందరూ కొనండి, వహ్వా.' దీనికి ఎర్ర పెట్టినవ్. ఎందుకు?"

నేను నా డైరీ తీసి నంబరు చూశాను. (వెంట తెచ్చుకున్నాను. తేకుండా ఎలా ఉంటాను?) "నూటా ఇరవై ఏడు. ఎరుపు. ఒకే పంక్తిలో రెండుసార్లు పొగిడాడు. ఒక్క తప్పు కూడా చూడలేదు, అంటే సరుకు చేతిలోకే తీసుకోలేదు. మళ్లీ రాడు."

ఆమె ఇంకొకటి తీసింది. "'మూత వదులుగా ఉంది. పది నిమిషాలకే వేడెక్కుతుంది. తీగ మూడడుగులే.' నీలం!"

"రెండువందల మూడు. తీగ కొలిచి మరీ చెప్పాడు. పక్కా గిరాకీ."

"అరే మామా, కాయ్ కేలస్ తూ!" (ఏం చేశావు నువ్వు అని. బాధ మరీ ఎక్కువైతే ఆమెకు మరాఠీయే వచ్చేది.) "పొగిడెటోళ్లంత నారాజ్, తిట్టెటోళ్లంత ఖుషీనా?"

"లోపల ఏమున్నదో చూడమన్నవ్ కద బిడ్డా."

అప్పుడు నేను సూరత్ గిరాకీ సంగతి చెప్పాను. ఆయన పదకొండేళ్లు నెలకోసారి మా గద్దీకి వచ్చేవాడు. వచ్చీ రాగానే తాకా విప్పి, వెలుగుకు పట్టి, "ఇది గుడ్డా, దోమతెరా? మీ సాంచాలకు కళ్లు లేవా?" అని మొదలుపెట్టి, అంచు వంకర, పోగు పలుచన, మడత తప్పు అని గంటసేపు తిట్టి, నలభై తాకాలు కట్టించుకుని వెళ్లేవాడు. తిట్టు పెరిగితే మా సేఠ్ నాకు కనుసైగ చేసేవాడు, తాళ్లు సిద్ధం చేయమని. పన్నెండో ఏట ఒక రోజు ఆయన వచ్చాడు. తాకా మీద అరచెయ్యి ఒక్కసారి రాసి, చిరునవ్వు నవ్వి, "బహుత్ అచ్ఛా మాల్ హై" అన్నాడు. మా సేఠ్ ముఖం పాలిపోయింది. చాయ్ తెప్పించాడు, బతిమాలాడు. ఆయన చాయ్ కూడా బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. అంతే, మళ్లీ రాలేదు. భివండీలో కొనబోయేవాడు పొగడడు. పొగిడితే ధర దిగదు కదా. కొనే ఉద్దేశం లేనివాడే మర్యాదకు పొగిడి మెట్లు దిగుతాడు. ఇది నేను కనిపెట్టింది కాదు, బజారంతా నడిచే పద్ధతి.

తప్పు ఒప్పుకుని తల దించుకుందామని అనుకుంటున్నాను. అంతలో మా బావ అందుకున్నాడు. "బామ్మర్ది చెప్పింది నిజమే కదనే! నా మాల్ మంచిగున్నదన్నోడు ఒక్కడన్న మల్ల వచ్చిండా? మొన్న కాశేలి గోదాముల నుంచి వచ్చినాయన నోరు నిండ పొగిడిండు. పత్తా లేడు."

"నా పులుసు శాన మంచిగున్నదన్నోళ్లు రెండోసారి పోసుకోరు," అంది అక్క. "మీ బాపు ఇరవై ఐదేండ్ల సంది ఉప్పు ఎక్కువైందనుకుంటనే గిన్నె ఖాళీ చేస్తుండు."

"అమ్మా! నువ్వు కూడనా?" వకీలమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "వాళ్లు బేరం చేస్తలేరే! ఎప్పుడో కొనేసిండ్రు. పైసలు కట్టేసిండ్రు. ఇంట్ల కూసోని రాస్తుండ్రు. వాళ్లకు అబద్ధం ఎందుకు?"

ఆ మాట నాకు అప్పుడు తట్టింది. కొన్న తర్వాత కూడా మనిషి సరుకు గురించి మాట్లాడతాడని, అదీ ముఖం తెలియని జనానికి ఊరికే చెబుతాడని, ఇరవై ఏళ్ల గద్దీ జీవితంలో నేను ఒక్కసారి కూడా ఊహించలేదు. మా దగ్గర తాకా బండి ఎక్కితే మాట అయిపోయినట్టే. ఏ లాభమూ లేకుండా, ఎవరూ అడగకుండా, మిక్సీ బాగుందని నిజం చెప్పేవాళ్లు లోకంలో ఇన్ని వందలమంది ఉన్నారా! సిగ్గుపడాల్సిన సమయంలో నాకు ఆశ్చర్యమే ఎక్కువగా కలిగిందని డైరీలో ఉంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూశాక సిగ్గు వచ్చి చేరింది.

"రేపు మేడం ముంగట ఇది ఏడిస్తె నేను కూడ ఏడుస్త మామా. ఆరు నెలలు."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. హఠాత్తుగా ఆమె కళ్లు తుడుచుకుంది. "అన్నీ ఉల్టానే ఉన్నయ్ కద? అయితే అన్నీ మల్ల ఉల్టా చేస్త. ఒకటిని సున్నా, సున్నాను ఒకటి. ఒక్క నిమిషం పని!"

"ఆగు బిడ్డా," అన్నాను. "అన్నీ ఉల్టా కాదు."

మా బావ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కొన్ని చీటీల్లో రాసినవాడు చెల్లెలి కోసం ఇంకొకటి కొన్నానని చెప్పాడు. మళ్లీ వచ్చి కొన్నవాడు ఏ బజారులోనైనా ఖుషీయే. పొగిడినా అతనికి నీలమే పెట్టాను. కొందరు సరుకు తిరిగి ఇచ్చేశామని రాశారు. వాపసు వచ్చిన తాకా అంటే భివండీలో కూడా గొడవే. వాళ్లకు ఎరుపే పెట్టాను. అవి సరిగానే ఉన్నాయి. గంపగుత్తగా తిప్పితే అవి తప్పవుతాయి. ఏవి తిప్పాలో, ఏవి తిప్పకూడదో ఆరువందలూ మళ్లీ చదివితే తప్ప తెలియదు. చదవడానికి మొదటిసారి పద్దెనిమిది రోజులు పట్టింది, ఇప్పుడు ఉన్నది రెండున్నర గంటలు. కానీ ప్రతి రంగుకూ కారణం రాసిన డైరీ నా ఒళ్లో ఉంది. "మళ్లీ కొన్నాడు", "వాపసు ఇచ్చాడు" అన్న పంక్తులు వెతికితే చాలు.

ఆమె ముందుగా అన్నీ తిప్పేసింది. తర్వాత నేను డైరీ మీద వేలు నడుపుతూ నంబరు చదవడం, బావ చీటీ వెతికి పట్టుకోవడం, ఆమె ఆ ఒక్కదాన్ని మళ్లీ పాతలాగే కొట్టడం. అక్క మా ముగ్గురికీ అన్నం ముద్దలు కలిపి అందించింది. (ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ చెప్పలేదు, బావ కూడా.) డెబ్బై మూడు నంబర్లు. మూడింటికి ఎనిమిది నిమిషాలు ఉన్నాయనగా చివరిది అయింది. యంత్రానికి మళ్లీ మొదటినుంచి నేర్పి, మోటారు కాలిన మిక్సీ సంగతి కొట్టింది. యంత్రం భోరున ఏడ్చింది. మా ఇంట్లో ఒక ఏడుపుకు అందరూ అంత సంతోషించడం అదే మొదలు. సరిగ్గా మూడింటికి కరెంటు పోయింది. కింద సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

మర్నాడు ఉదయం సేఠ్‌కు చెప్పి సెలవు పెట్టి, ఆమెతో ఠాణే బస్సెక్కాను. దారంతా ఆమె రిపోర్టు తిరగేస్తూనే ఉంది. కాలేజీలో నన్ను గది బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. మేడం గొంతు చక్కగా వినబడుతోంది. రిపోర్టుకు ఈ అట్ట ఏమిటి అంది. మూడో అధ్యాయంలో పేజీ నంబర్లు లేవంది. ఏడ్చే ముఖానికి ఈ రంగేమిటంది. హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏం చేస్తావంది. రివ్యూలకు ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చాల్సింది, ఒక్కరితో ఎందుకు సరిపెట్టావంది. వకీలమ్మ జవాబు చెప్పే గొంతు తగ్గుతూ వచ్చింది. నేను మాత్రం బయట ప్రతి తప్పుకూ డైరీలో నీలి పెన్సిలుతో ఒక టిక్కు పెడుతూ కూర్చున్నాను. పదిహేడు టిక్కులు. పేజీ పేజీ తిప్పి చూసి మరీ తప్పు పట్టింది! చేతులు తాళ్ల కోసం వెతికాయంటే నమ్మండి.

కాసేపటికి నన్ను లోపలికి పిలిచారు. ముందురోజు జరిగిందంతా పిల్ల దాచకుండా చెప్పేసిందట. మేడం నా డైరీ అడిగి పేజీలు తిప్పింది. తెలుగు రాదు కాబట్టి నంబర్లు, పంక్తుల రంగులు మాత్రం చూసింది.

"ఆరువందలకూ కారణాలు రాశారా?" అని హిందీలో అడిగింది.

"జీ మేడం."

"ఈ నాలుగువందల పద్దెనిమిదికి రంగు లేదేం?"

"ఆయన మనసు ఇంకా తెలియలేదు మేడం."

ఆమె నవ్వలేదు. డైరీ మూసి నా చేతికిచ్చి, రిపోర్టు దగ్గరికి లాక్కుని, "ఠీక్ హై" అంటూ సంతకం పెట్టింది.

మెట్లు దిగుతుంటే నా గుండె నిండుగా ఉంది. ఆ పిల్ల పుట్టినప్పటినుంచి ఆమె రాత వంకరని, నడక తొందరని, మాట ఎక్కువని చెప్పాను తప్ప, ఒక్క మంచిమాట అన్న గుర్తు లేదు. డైరీల్లోనూ లేదు, తర్వాత వెతికి చూశాను. అందుకని గొంతు సవరించుకుని, "శాన మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాను.

ఆమె మెట్ల మధ్యలో టక్కున ఆగిపోయింది. "మామా, గట్లనకు. నాకు భయమైతది."

నేను ఆమెను పైనుంచి కిందిదాకా గజం గజం చూశాను. "సంచి జిప్పు తెరిచే ఉన్నది. రిపోర్టు కింద పడితె మల్ల ఆరు నెలలు."

అప్పుడు నవ్వింది, ఆ మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. జిప్పు మూసింది మాత్రం నేనే.

ఆ రోజు పేజీలో ఒకటే పంక్తి ఉంది: "పిల్ల పని అయింది. సంచి జిప్పు బాగాలేదు." పక్కన నీలి పెన్సిలు టిక్కు, నేను మామూలుగా పెట్టేదానికన్నా కొంచెం పెద్దది.